పడిపోవడానికి మంచి చోటు

కిటికీకి ఎడమ పక్క, స్తంభానికీ బెంచీకీ మధ్య మూడడుగుల ఖాళీ ఉంది. అక్కడ పడితే తల దేనికీ కొట్టుకోదు, కింద రబ్బరు పట్టా పరిచారు కాబట్టి మోచేతులు గీరుకుపోవు, అన్నిటికీ మించి, అద్దానికి అవతల ఆపరేషన్ బల్ల దగ్గరున్న మనిషి తలెత్తితే చాలు, పడ్డ మనిషి తల నుంచి మోకాళ్ళ దాకా కనబడుతుంది. నర్సమ్మ ఈ చోటును పోయిన నెలే చూసిపెట్టుకుంది. సంతలో ఎద్దు పళ్ళు లెక్కపెట్టేవాడిలా అటు నుంచీ ఇటు నుంచీ చూసి మరీ ఖాయం చేసుకుంది. సీసాల ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో ముప్పై ఒక్క ఏళ్ళు దొంగ జబ్బులు పట్టుకుని బతికిన మనిషికి తను దొంగగా పడటం ఒక లెక్కా అనుకుంది గాని, తీరా సమయానికి అరికాళ్ళు చెమరుస్తున్నాయి. వంకలు పెట్టేవాళ్ళందరికీ వంట రాదు. అద్దానికి అవతల ఆకుపచ్చ గౌను తొడుక్కుని మోచేతుల దాకా చేతులు రుద్దుకుంటున్నది ఆవిడ పెద్ద కూతురు, సముద్రపు తాబేళ్ళకు డాక్టరు. తల్లితో మాట్లాడి తొమ్మిదేళ్ళయింది. ఉత్తరం రాస్తే తిరిగొస్తుంది, ఫోను చేస్తే మోగి మోగి ఊరుకుంటుంది. పేపర్లో ఎవరో తాబేలును పట్టుకుని నిలబడ్డ ఫోటో చూసి, ఆ మెడ వంపు తనదేనని గుర్తుపట్టి, ఈ సముద్రపొడ్డు ఆస్పత్రి ఆచూకీ కనుక్కుంది. జనాన్ని లోపలికి రానిచ్చి ఆపరేషన్ చూపించే శనివారం నెలకొకటే. ఆ శనివారానికల్లా మూడు గంటలు బస్సులో కుదేలై వస్తోంది. ఇది నాలుగోసారి. క్షమించమని అడిగే రకం కాదు ఆవిడ, అడిగితే క్షమించే రకం కాదు పెద్దది. కావలసింది ఒక్క మాట. ఎందుకొచ్చావన్నా సరే, సిగ్గులేదా అన్నా సరే. తిట్టు కూడా ఒక మాటే కదా, కడుపు కాలేవాడికి మాడిన రొట్టె రొట్టె కాకుండా పోతుందా.

తాబేలును బండి మీద తోసుకొచ్చి, పాత కారు టైరు మీద వెల్లకిలా పడుకోబెట్టారు. టైరు ఎందుకంటే గుండ్రటి వీపు అందులో కదలకుండా కూర్చుంటుందని రబ్బరు బూట్లావిడ చెబుతోంది. సందర్శకులకు అన్నీ చూపించే గైడు ఆవిడే. చెంప దగ్గర మైకు, చేతిలో బెత్తం, యాభై దగ్గర వయసు, నోరు మూతపడదు. తాబేలు కంటి నుంచి చిక్కటి నీళ్ళు కారుతున్నాయి. ముందు వరసలో ఎవరో చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పాపం పాపం అన్నారు. "అది ఏడవట్లేదండీ, మీరు మొదలుపెట్టకండి. ఒంట్లో ఉప్పు ఎక్కువైతే కళ్ళలోంచి పారబోస్తుంది. మా ఆయన ముందు నేను ఏడ్చేదీ అలాంటిదే, ఆయన మాత్రం నిజమనుకుంటాడు" అంది గైడు, అందరూ నవ్వారు. నర్సమ్మ నవ్వలేదు. కన్నీళ్ళ గురించి తనకు ఒకరు చెప్పాలా. ఉల్లిపాయ ముక్క చంకలో పెట్టుకుని జ్వరం తెచ్చుకున్నవాణ్ణి చూసింది, కంట్లో సబ్బు రాసుకుని కళ్ళకలక అన్నవాణ్ణి చూసింది, వేడి టీ పుక్కిట పట్టి థర్మామీటరు నోట్లో పెట్టుకుంటే నూట ఆరు వచ్చిన మహానుభావుణ్ణి కూడా చూసింది, వాణ్ణి కూర్చోబెట్టి, నాయనా ఈ జ్వరానికి నువ్వు పోయి అరగంటయింది, శవానికి సెలవిచ్చే కాయితం నా దగ్గర లేదు, పో, పోయి కొలిమి దగ్గర నిలబడు అంది, వరసలో ఉన్నవాళ్ళంతా పడీ పడీ నవ్వారు. బల్ల మీద రెండు రబ్బరు ముద్రలుండేవి, ఒకటి సెలవుకి, ఒకటి ఫిట్టుకి. సెలవు ముద్ర పిడికి రంగు పోలేదు, ఫిట్టు ముద్ర పిడి మాత్రం బొటనవేలు పట్టు పడి గుంటయింది. వెనకాల అందరూ ఫిట్టమ్మ అనేవాళ్ళు. ఆవిడకు తెలుసు. మేనేజరు ఏడాదికోసారి మీటింగులో పేరెత్తి మెచ్చుకునేవాడు, ఈవిడ వచ్చాక ఈ ఫ్యాక్టరీలో జబ్బులే పోయాయని. అప్పుడు తలొంచుకుని కూర్చునేది గాని, లోపల పాలు పొంగినట్టుండేది.

"నొప్పుందో లేదో ఎట్లా తెలుస్తుందండీ దీనికి?" అని వెనక నుంచి ఒకాయన అడిగాడు. "అదే కదండీ చిక్కు. ఇది చెప్పదు, మూలగదు. ఏమీ లేనట్టుంటే ఇంకా ఎక్కువ అనుమానించాలంటారు మా డాక్టరు గారు" అంది గైడు. ఆ తరవాత బెత్తంతో గోడ మీది బోర్డు చూపించింది. ఒడ్డుకొచ్చిన తాబేలును మళ్ళీ నీళ్ళలోకి నెట్టకండి అని పెద్దక్షరాలతో రాసి ఉంది. "చాలామంది ఇదే చేస్తారు, మంచివాళ్ళే చేస్తారు. పాపం దారి తప్పి వచ్చిందని నలుగురు కలిసి ఎత్తి మళ్ళీ అలల్లో పడేస్తారు. ఈదలేకే కదండీ అది ఒడ్డుకొచ్చింది. ఊపిరికి పైకి రాలేక అక్కడే మునిగి చస్తుంది. నెట్టినవాళ్ళేమో ఇంటికెళ్ళి పుణ్యం చేశామని అన్నం తింటారు." నర్సమ్మ బోర్డు వంక చూడలేదు, తన చెప్పుల వంక చూసుకుంది, ఎడమ చెప్పు పట్టీ ఊడేట్టుంది, కుట్టించాలి, చిన్నదానికి కూడా ఎప్పుడూ ఎడమ చెప్పే తెగేది, నడకలో ఏదో వంకర ఉండేది దానికి, పెద్దది మాత్రం సైనికుడిలా నడిచేది. వాళ్ళ నాన్న పోయేనాటికి పెద్దదానికి తొమ్మిది, చిన్నదానికి నాలుగు. ఏడవడానికి తీరిక లేదు, ఏడిస్తే పనికి ఎవరు పోతారు. ఇద్దరికీ సూదులు తనే వేసేది ఇంట్లో, స్టవ్వు మీద నీళ్ళు మరగబెట్టి సిరంజి అందులో పడేస్తే అది గిన్నెకు తగిలి టకటకలాడేది, ఆ చప్పుడుకే చిన్నది మంచం కిందికి దూరేది, కాలు పట్టి లాగి ఒళ్ళో వేసుకుని, కళ్ళు మూసుకో, చూస్తే నొప్పి, చూడకపోతే లేదు, అనేది. అది గట్టిగా మూసుకునేది. పెద్దది మూసుకునేది కాదు. సూది లోపలికి పోయేంత వరకూ కళ్ళు తిప్పకుండా చూసేది, ఇప్పుడు ఆ తాబేలును చూస్తున్నట్టే.

స్పీకరులోంచి గొంతు వచ్చింది. "వెనక కాలి పక్కన మెత్తటి చోటు ఉంటుంది, అక్కడ కోస్తున్నాను." నర్సమ్మ అద్దానికి ఇంకొంచెం దగ్గరగా జరిగింది. ఎన్నిసార్లు విన్నా అంతే. ఆ గొంతు ఊళ్ళో ఎవరికంటే వాళ్ళకు దొరుకుతోంది, పల్లీలు నములుతూ నిలబడ్డవాడికి దొరుకుతోంది, చంకలో పిల్ల నిద్రపోతున్న ఆవిడకు దొరుకుతోంది, తను కన్నది కాబట్టి తనకు మాత్రం టికెట్టు కొనుక్కుంటేనే. "చేపల గేలం తాడు మింగింది. పేగు దాని చుట్టూ మడతలు పడి బిగుసుకుపోయింది." కత్తి పట్టుకున్న తీరు చూడు, చూపుడు వేలు చివర దాకా పోనివ్వకుండా, అది ఎవరు నేర్పారనుకుంటారు వీళ్ళు, ఏడేళ్ళప్పుడు వంకాయ కోయించి నేర్పింది తను. పక్కన సహాయకుడు రబ్బరు తిత్తి నొక్కుతున్నాడు, మత్తులో ఉన్న తాబేలు దానంతట అది ఊపిరి తీసుకోదట, మనమే తియ్యాలట, నిమిషానికి ఇన్నిసార్లని. సన్నటి తాడు బయటికొచ్చింది, మూర, ఇంకో మూర, ఇంకా. కుడి చేత్తో లాగుతూ ఎడమ చేత్తో పేగును చంటిపిల్ల వేలు పట్టుకున్నంత మెత్తగా పట్టుకుంది పెద్దది. నోరూ వాయీ లేని జంతువు. దాని కడుపు ఎంత తీరిగ్గా చూస్తోందో. దానికి తల్లెవరో దానికి తెలియదు, గుడ్లు పెట్టి ఇసక కప్పి వెళ్ళిపోయే జాతి, ఆ తల్లినెవరూ ఏమీ అనరు. చావాలి, అనుకుంది నర్సమ్మ. అనుకున్నాక తనకే నోరు చేదెక్కింది గాని మాట వెనక్కి తీసుకోలేదు. నీ చేతి కింద ఒకటి చావాలి, ఇంతమంది చూస్తుండగా చావాలి, అప్పుడు తెలుస్తుంది చెయ్యి తప్పడమంటే ఏంటో, అప్పుడు నువ్వూ నేనూ ఒక బెంచీ మీద కూర్చోవచ్చు. కానీ తాబేలు చావలేదు. తిత్తి నొక్కినప్పుడల్లా దాని గొంతు కింది చర్మం ఉబ్బుతూనే ఉంది.

చిన్నదానికి ప్యాకింగ్ సెక్షన్లో ఉద్యోగం తనే ఇప్పించింది. సీసాల మధ్య అట్టలు దూర్చే పని. ఫ్యాక్టరీలో అమ్మా అని పిలవకు, అందరిలాగే మేడం అను, అని మొదటిరోజే చెప్పింది, అది అలాగే అనేది, ఇంటికొచ్చాక కూడా ఒక్కోసారి పొరపాటున మేడం అని నాలుక్కరుచుకునేది, ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. ఆ సోమవారం పొద్దున్న షిఫ్టులో కడుపు నొప్పని వచ్చింది, గ్యాసు బిళ్ళ ఇచ్చి పంపింది. మంగళవారం మళ్ళీ వచ్చింది. వరసలో ఆరో మనిషి. ముందు ఐదుగురిలో నలుగురికి ఫిట్టు కొట్టింది, ఆ నలుగురూ పోకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డారు, అందులో కొలిమి మేస్త్రీ ఒకడు, పోయిన వారం నడుం నొప్పని వస్తే తిప్పి పంపిందని పగ వాడికి. "చూద్దాం రా, సొంత రక్తానికి ఏ ముద్ర పడుతుందో" అన్నాడు, వినబడేట్టే అన్నాడు. పిల్లను బల్ల మీద పడుకోబెట్టి పొట్ట నొక్కింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ముసలి డాక్టరు ఒకాయన చెప్పిన కిటుకు అది: నిజంగా నొప్పున్నవాడు నొక్కే చేతినే చూస్తుంటాడు, ఎక్కడ నొక్కుతావోనని వాడి భయం వాడిది, దొంగ నొప్పి వాడు కళ్ళు మూసుకుని మొహం చిట్లిస్తాడు, వాడికి చేతితో పని లేదు, ఎప్పుడు మూలగాలో తెలిస్తే చాలు. అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ కిటుకు ఒక్కసారీ తప్పలేదు. చిన్నది కళ్ళు మూసుకుంది. రెండు కళ్ళూ గట్టిగా. గుమ్మంలో మేస్త్రీ చేతులు కట్టుకుని చూస్తున్నాడు. నర్సమ్మ ఫిట్టు ముద్ర ఎత్తి, చప్పుడయ్యేట్టు కొట్టింది. చిన్నది లేచి ఓణీ సర్దుకుని, "సరే మేడం" అని, నడుం కొద్దిగా వంచి, గోడ పట్టుకుని వెళ్ళింది. నటన కూడా బాగా నేర్చింది అనుకుంది, ఇప్పటికీ ఆ మాట గుర్తుంది, అక్షరం పొల్లు పోకుండా. గురువారం నలుగురు ఆడవాళ్ళు మోసుకొచ్చారు, సీసాల అట్టపెట్టెలు పరిచి దాని మీద. లోపల అపెండిక్సు పగిలిపోయి అప్పటికి ఒక రోజయిందని పెద్దాసుపత్రిలో చెప్పారు.

పెద్దది వచ్చేసరికి అంతా అయిపోయింది. ఎవరి దగ్గరా ఏడవలేదు. వంటింట్లో నిలబడి, కుళాయి కట్టేసి, కేసు వివరాలు రాసుకునేదానిలా అడిగింది: "పొట్ట నొక్కి చూశావా?" చూశానంది. "నొక్కితే ఏం చేసింది?" కళ్ళు మూసుకుంది, అంది నర్సమ్మ, నిజం నొప్పయితే చేతిని చూస్తారు కదే, నీకూ కాలేజీలో చెప్పే ఉంటారు, అని కూడా అంది, తప్పు తనది కాదు కిటుకుదన్నట్టు. పెద్దది చేతులు తుడుచుకుంది. "సూదికి కళ్ళు మూసుకోమని నేర్పింది నువ్వే కదమ్మా. నీ చెయ్యి తగిలితే చాలు, అది కళ్ళు మూసుకునేది." అంతే. సంచి తీసుకుని బస్సెక్కింది. ఆ తరవాత నర్సమ్మ రెండేళ్ళు అదే బల్ల వెనక కూర్చుంది, అవే ముద్రలతో, మేస్త్రీతో సహా ఎవడూ ఒక్క మాటనలేదు, అనుంటే బాగుండేది, వాళ్ళు జబ్బు చేస్తే డిస్పెన్సరీకి రావడమే మానేశారు. ఖాళీ వరస. గడియారం. ఈగలు.

లోపల కుట్లు మొదలయ్యాయి. కుట్లయ్యాక మైకు తీసేసి వెనక తలుపు గుండా పోతుంది, అంతే, మళ్ళీ నెల. పడితే ఇప్పుడే పడాలి. నర్సమ్మ స్తంభం పక్కకు జరిగింది. కళ్ళజోడు తీసి, మడిచి, గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది, మొన్ననే అద్దాలు మార్పించింది మరి. ముందు మోకాళ్ళు వదిలింది, తరవాత తుంటి, తరవాత భుజం, ఊపిరి బయటికి, రెప్పలు బిగించకుండా తేలిగ్గా వాల్చి, అబ్బ, ఎంత పద్ధతిగా పడింది, తన డిస్పెన్సరీలో ఇలా పడ్డవాడికి తనే సెలవిచ్చి ఉండేది. "అయ్యో, పెద్దావిడ పడిపోయింది." "గాలాడనివ్వండి." "చెప్పు వాసన చూపించండయ్యా ఎవరన్నా." "మూర్ఛకు గదండీ చెప్పు, ఇది కళ్ళు తిరగడం." స్పీకరులో గొంతు: "ఏమైందక్కడ?" "ఎవరో పెద్దావిడ పడ్డారు డాక్టరు గారూ, స్తంభం పక్కన." తిత్తి రెండుసార్లు బుసకొట్టింది. "కళ్ళజోడు ఉందా ఆవిడకి?" "లేదండీ." "సరే. ఇంకా నాలుగు కుట్లున్నాయి. ఆవిడ లేచి కూర్చున్నాక మంచినీళ్ళివ్వండి." జనం ఒక నిమిషం చూశారు. ఆ తరవాత ఒక్కొక్కరే అద్దం వైపు తిరిగారు, పడ్డ ముసలమ్మ కంటే కుట్టే తాబేలు వింత కదా. ఎలా పడాలో అంతా తెలిసిన నర్సమ్మకు ఎప్పుడు లేవాలో తెలియలేదు. ఎవరూ చూడకపోతే పడటం పడటం కాదు, ఉత్తినే నేల మీద పడుకోవడం. చెవి దగ్గర ఎవరివో బూడిదరంగు మేజోళ్ళు, ఎవరో రాల్చిన పల్లీ పొట్టు. చివరికి బెంచీ కోడు పట్టుకుని తనే లేచి కూర్చుంది.

గైడు గ్లాసు తెచ్చి పక్కన కూర్చుంది, మైకు చేత్తో మూసి గొంతు తగ్గించింది. "ఒకటి చెబుతా, ఏమనుకోకండమ్మా. పొద్దున్నే చెప్పారు మా డాక్టరు గారు. నీలం చీరావిడ వస్తారు, పోయిన నెల ఈ చోటంతా కొలతలు చూసుకుని వెళ్ళారు, ఇవాళ పడినా పడతారు అని. కళ్ళజోడు తీసి దాచుకుని పడితే కంగారుపడొద్దన్నారు."

"పెట్టుకుని పడితే?"

"పెట్టుకుని పడితే తాబేలు ఎలాగున్నా సరే, నన్ను పిలవండి, నేనే వస్తా అన్నారు." గైడు ఆవిడ మొహంలోకి చూసింది. "తెలిసినవాళ్ళా మీరు?"

నర్సమ్మ నీళ్ళు తాగింది. "పని నా దగ్గరే నేర్చుకుంది" అంది. అన్నాక తన గొంతులో పాత మీటింగుల నాటి గర్వం వినబడి తనకే అసహ్యం వేసింది. గుడ్డ విప్పి కళ్ళజోడు పెట్టుకోబోయి ఊరుకుంది. రెండు గాజు ముక్కలు. అవి ముక్కు మీద ఉండి ఉంటే ఈపాటికి కూతురి చెయ్యి తన నాడి మీద ఉండేది.

"కోలుకునే గదికి తీసుకుపోతున్నారండీ, పసుపు గీతకి ఇవతలే ఉండండి అందరూ" అని గైడు లేచింది. ఈసారి వెనక తలుపు గుండా కాదు, ఈ నడవలోంచే. బండి బయటికొచ్చింది. సహాయకుడు లాగుతున్నాడు, పెద్దది పక్కన నడుస్తూ తిత్తి నొక్కుతోంది, మాస్కు గడ్డం కిందికి లాగేసి ఉంది. చెంపల దగ్గర నెరిసింది, ఇంత చిన్న వయసుకే. మందు వాసన, దాని కింద వేరే ఏదో, చిన్నప్పటి తల వాసన కావచ్చు, కాకపోవచ్చు. నర్సమ్మ ఎప్పుడు లేచిందో, ఎప్పుడు గీత దాటిందో ఆవిడకే తెలియదు. బండి చక్రం ఆవిడ పాదానికి జానెడు దూరంలో ఆగింది. పెద్దది తలెత్తలేదు. తిత్తి నొక్కింది, వదిలింది, నొక్కింది. తను పక్కకు జరగకపోతే పెద్దది ఏదో ఒకటి అనక తప్పదు, నర్సమ్మకు తెలుసు, గుమ్మానికి అడ్డం నిలబడ్డవాడితో ఎవరైనా ఎంతసేపు మాట్లాడకుండా ఉంటారు. నిలబడింది. అను. ముసలిదానా అను. చంపావు అను. బండి మీద తాబేలు ముందు కాలు ఒకటి చిన్నగా వణికింది. నలభై కళ్ళు చూస్తున్నాయి. పెద్దది అనదు. ఇది ఇక్కడే చచ్చినా అనదు, ఇంతమంది ముందు అస్సలు వంగదు. ఆ మెడ వంగే రకం కాదని చూస్తూనే తెలిసిపోయింది.

"ఆవిణ్ణి తప్పించండి" అంది పెద్దది, గైడుతో.

గైడు చెయ్యి భుజం మీద పడకముందే నర్సమ్మ తనే వెనక్కి అడుగేసింది, ఒకటి, ఇంకొకటి, వీపు స్తంభానికి తగిలేదాకా. బండి కదిలింది. పక్క నుంచి పోతున్నప్పుడు పెద్దది వంగి, తాబేలు తల దగ్గర నోరు పెట్టి, "వచ్చేశాం, ఇదిగో, ఇంకొంచెమే తల్లీ" అంది, ఎంతో మెల్లగా, ఎవరికీ వినబడకూడదన్నట్టు. అది మైకులో వచ్చిన గొంతు కాదు.